గాజు పేగుకు ఆకలి

హైమవతి కడుపున ఎవరూ పుట్టలేదు గానీ, కడుపులో మాత్రం కోట్లమంది కాపురముండేవారు. రోజూ పొద్దున్నే బస్సెక్కే ముందు ఫ్రిజ్‌లోంచి ఒక పొట్లం తీసి, చించి, చల్లటి నీళ్ళలో కలిపి, ఆ కోట్లమందినీ ఒక్క గుక్కలో మింగేది. ప్రళయకాలంలో దేవుడు చేయవలసిన పనిని తణుకులో ఆర్డినరీ బస్సు తోలే ఆడమనిషి కాఫీకి ముందే ముగించేస్తోందని మొగుడు భానుమూర్తి నలుగురిలో చెప్పుకుని మురిసిపోయేవాడు.

పొట్లం పేరు కోటిసేన, పేగుకు మేలు చేసే సూక్ష్మజీవుల పొడి. అంతర్జీవ అనే సంస్థ తయారీ. హైమవతి పెద్దపేగులో ఏళ్ళ తరబడి ఒక మంట ఉంది. పక్కవాడి మేడ చూసి వచ్చే కడుపుమంట కాదు. ఒంటికి కాపలా కాయవలసిన కణాలే సొంత పేగును పగవాడనుకుని కాటు వేయడం వల్ల వచ్చే అసలు సిసలు మంట. అది లేచిన రోజున నెత్తురు పడేది, నడుం రెండుగా మడతపడేది, అన్నిటికీ మించి నిమిషం ఆగనిచ్చేది కాదు. ఆగనివ్వని జబ్బూ, ఆగకూడని ఉద్యోగమూ ఒకే మనిషికి రావడం హైమవతి జాతకంలోని విశేషం.

డాక్టరు రాసిన మందులు సగం పని చేసేవి. మిగతా సగం కోటిసేన చేసేది. బజార్లో దొరికే మాత్రల్లో చారెడు మంది ఉంటే, ఈ పొట్లంలో తిరనాళ్ళంతమంది ఉండేవారు. అంత జనం పేగు గోడ మీద బారులు తీరి కూర్చుంటే కాపలా కణాలు నోరు మూసుకునేవి. అయితే ఆ సేనకు సంతానం లేదు. సంస్థవాళ్ళు దాని జన్యువుల్లో ఒక తాళం వేసి మరీ పంపేవారు. పేగులోకి దిగిన సైనికుడు ఆ పూటకు పనిచేసి, పిల్లాపీచూ లేకుండా రాలిపోయేవాడు. మర్నాటికి మళ్ళీ పొట్లం.

"దీన్ని రోజుకూలి అంటారు," అనేవాడు భానుమూర్తి. "కాకపోతే ఇక్కడ కూలివాడే రోజూ కూలిపోతాడు."

అలాంటి కోటిసేన ఒకనాడు ఆగిపోయింది. సంస్థ చేతులు మారింది. ఈ పొట్లం తాగేవాళ్ళు మరీ పిడికెడుమందని కొత్త యజమానులకు తోచింది. తయారీ నిలిపేశామనీ, కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామనీ ఫోనులో ఒక తీయటి గొంతు చెప్పింది.

"చింతిస్తున్నారట," అన్నాడు భానుమూర్తి ఫోను పెట్టేసి. "చింత వాళ్ళది, పులుపు మనది."

హైమవతి నవ్వలేదు. యూనిఫాం చొక్కా గుండీలు పెట్టుకుంటూ కిటికీలోంచి చూస్తోంది. మంట ఈసారి అదుపు తప్పితే పెద్దపేగు తీసేయాలని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. ఆ మాట ఇద్దరి మధ్యా గదిలో నిలబడి ఉంది.

"ఆపరేషనంటే నాకు భయం లేదండీ," అంది చివరికి. "తీసెయ్యాల్సిందే అంటే తీయించేసుకుంటాను. పొట్టకి సంచీ కట్టుకుని కూడా బస్సు తోల్తాను. కానీ పేగు చెడి తీసెయ్యడం వేరు, ఎవడికో గిట్టుబాటు కాలేదని తీసెయ్యడం వేరు. రెండోదానికి మాత్రం నేనొప్పుకోను."

"నేను మాత్రం ఒప్పుకుంటున్నానా?"

"ఒప్పుకోకపోతే ఏదోటి చెయ్యండి మరి. ఊళ్ళో అందరూ పేగుల సైంటిస్టు, పేగుల సైంటిస్టు అంటారు. పేరుకేనా?"

*

భానుమూర్తి నిజంగానే పేగుల సైంటిస్టు. ఊరి చివర చక్కెర మిల్లు దాటాక ఉన్న పరిశోధనాలయంలో అతనిదొక గది. ఆ గదిలో, వెచ్చటి పెట్టెలో, చూపుడువేలంత లావున రెండు గాజు గొట్టాలు పక్కపక్కన ఉండేవి. వాటి పేరు గాజు పేగులు.

మనిషి పేగులోంచి చిటికెడు ముక్క తీసి, దాని కణాలను గాజు గొట్టం లోపలి గోడ మీద పెంచితే, కొన్నాళ్ళకి అక్కడ పేగు లోపొర మొత్తం మొలుస్తుంది. ముడతలు పడుతుంది, జిగురు కారుస్తుంది, మెలికలు తిరుగుతుంది. కాపలా కణాలను కూడా వదిలితే ఆ మనిషి పేగు దేనికి మండుతుందో దానికి మండుతుంది, దేనికి చల్లబడుతుందో దానికి చల్లబడుతుంది. మనిషి మీద ప్రయోగం చేసి మనిషిని పోగొట్టుకునే బదులు ముందు గొట్టాన్ని అడగవచ్చు. ఈ విద్య కనిపెట్టడానికి భానుమూర్తి జుట్టు చాలావరకూ ఖర్చయింది.

మొదటి గొట్టం హైమవతిది. రెండోది భానుమూర్తిదే. జబ్బు పేగు పక్కన సరిపోల్చుకోవడానికి ఒక మంచి పేగు కావలసి వచ్చి తనదే ఇచ్చాడు. "మా పెళ్ళిపీటలు," అని చూపించేవాడు వచ్చినవాళ్ళకి.

అతని దగ్గర నస్రీన్ అనే ఏలూరు పిల్ల పనిచేసేది. చేతిలో పని ఎంత నిదానమో నోట్లో మాట అంత చురుకు. హైమవతి గొట్టం ముందు కూర్చుని కోటిసేనకు బదులు ఏది పనికొస్తుందో వెతకడం ఆ పిల్ల పని. బజారు మాత్రలు పోసింది. అవి గోదాట్లో గుప్పెడు బెల్లం. మాత్రలను గుట్టలుగా నూరి పోసింది. గొట్టం ఇంకా ఎర్రబడింది, జనం ఎక్కువైతే చాలదు, తగిన జనం కావాలి. ఇడ్లీ పిండిలో జీవులు, మజ్జిగలో జీవులు, పులిసిన గంజిలో జీవులు, ఎక్కడో చలిదేశంలో క్యాబేజీ ఊరబెడితే పుట్టే జీవులు. లేత గులాబి రంగులో ఉండవలసిన గొట్టం దానిమ్మ గింజలా మెరుస్తూనే ఉంది.

"సార్, ఇది దేనికీ లొంగట్లేదు," అంది నస్రీన్.

"ఎవరి పేగనుకున్నావు? నాకే లొంగలేదు ఇన్నేళ్ళూ."

ఇంట్లో మిగిలిన పొట్లాలను సగం సగం చేసి తాగుతోంది హైమవతి. సగం సేన సగం యుద్ధమే చేస్తుంది. ఒక మధ్యాహ్నం పెరవలి దాటాక ఆమె బస్సును రోడ్డు పక్కకు తీసి, ఇంజను ఆపి, పెట్రోలు బంకు మరుగుదొడ్డి వైపు పరుగెత్తిందట. కండక్టరు వచ్చి భానుమూర్తికి చెప్పాడు. జనం గొణిగారు. ఒక పెద్దమనిషి కిటికీలోంచి తల బయటికి పెట్టి, "ఏంటమ్మా, మీ చుట్టాలింటికొచ్చేవా బస్సేసుకుని?" అన్నాడు. ఆమె మొహం కడుక్కుని తిరిగొచ్చి, మెట్టు మీద నిలబడి అందరికీ వినబడేలా చెప్పింది. "నాకు పేగు జబ్బండి. తొందరున్నోళ్ళు ఎనకాల బస్సెక్కండి. లేనోళ్ళు కూర్చోండి, జాగ్రత్తగా దింపుతాను." ఎవరూ దిగలేదు.

ఆమె మాత్రం ఆ సాయంత్రమే సెలవు పెట్టేసింది. అంతమందిని వెనకాల పెట్టుకుని కళ్ళు తిరిగితే ఎలాగని. డ్రైవరు చొక్కా ఉతికి, ఇస్త్రీ చేసి, తలుపుకి తగిలించింది. బీరువాలో మాత్రం పెట్టలేదు.

*

భానుమూర్తి అత్తగారు బుల్లెమ్మ పక్కవీధిలోనే ఉండేది. అల్లుడు పొద్దస్తమానం పరిశోధనాలయంలోనే ఉంటున్నాడని మధ్యాహ్నం పూట క్యారేజీ తెచ్చేది. ప్రయోగాల గదిలో తినడం నిషేధం కనుక, గాజు గోడకు ఇవతలి గదిలో బల్ల వేసి వడ్డించేది. ఆ గోడలోంచి వెచ్చటి పెట్టే, అందులో రెండు గొట్టాలూ తేటగా కనిపించేవి.

మొదటిరోజు అవేమిటని అడిగింది. భానుమూర్తి గర్వంగా చెప్పాడు. ఆవిడ ముద్ద నోటి దాకా తెచ్చి ఆపేసింది.

"అంటే, ఆ గొట్టాంలో ఉంది మా అమ్మాయి పేగేనంటారా?"

"అచ్చంగా."

"పేగు తెంచుకుని పుట్టిందనేవారండి ఇన్నాళ్ళూ. ఇప్పుడు పుట్టినదాని పేగు తెంచి గొట్టాంలో పెట్టేరా!" అని ఆవిడ ఆ పూట సరిగ్గా తినలేదు.

మర్నాటి నుంచి భోజనం కాగానే లోపలికెళ్ళి ఒకసారి చూసొస్తానని పట్టుబట్టేది. నస్రీన్ జాలిపడి గౌను, టోపీ, మూతిగుడ్డ తొడిగి లోపలికి తీసుకెళ్ళేది. బుల్లెమ్మ గొట్టం ముందు చేతులు కట్టుకుని నిలబడి, "ఎలాగున్నావమ్మా," అని అడిగి వచ్చేది. ఇంట్లో ఉన్న కూతుర్ని కూడా అదే మాట అడిగేది గానీ, ఆ కూతురు విసుక్కునేది. గొట్టం విసుక్కోదు.

ఒకనాడు గుత్తివంకాయ కూర వచ్చింది. భానుమూర్తి, నస్రీన్ లొట్టలేసుకుంటూ తిన్నారు. అతను చెయ్యి కడుక్కోకముందే నస్రీన్ బుల్లెమ్మకు గౌను తొడిగి లోపలికి తీసుకెళ్ళింది, గొట్టాల మూతలు తీసి నమూనా తీసుకుంది, దాన్ని పక్కగదిలో పెట్టి రావడానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి గౌను కింద దాచిన గిన్నె, చెంచా బుల్లెమ్మ చేతుల్లో ఉన్నాయి. నస్రీన్ కేక విని భానుమూర్తి ఎంగిలిచేత్తోనే పరుగెత్తుకొచ్చాడు.

"ఏం పోశారు అత్తయ్యా?"

"మజ్జిగ తేటండి. రెండు చెంచాలే."

"పేగులో మజ్జిగా!"

"ఇంకెక్కడ పొయ్యాలండి మజ్జిగ?"

భానుమూర్తి గొట్టాల మీదికి వంగాడు. ఆవిడ ఆగలేదు.

"పేగన్నాక ఆకలుండదేంటండీ? రోజూ దాని ఎదురుగుండా కూర్చుని మీరలా లాగించేత్తా ఉంటే, అదలా చూత్తా ఉంటే, నాకు ముద్ద దిగట్లేదండి. ఎదురుగా ఒక మడిసిని పెట్టుకుని ఆళ్ళకి పెట్టకుండా తినే ఇంట్లో పుట్టలేదు నేను. కూరైతే కారమని మజ్జిగ పోసేను."

"నా గొట్టంలో కూడా తెల్లగా ఉందేమిటి?"

"అయ్యో, అమ్మాయికి పెట్టి అల్లుడుగారికి పెట్టకపోతే బాగుంటదేంటండి? మీకే ముందు పోసేను."

నెలల ప్రయోగం మజ్జిగ పాలైంది. భానుమూర్తి చాలా మాటలన్నాడు. అందులో శ్లేష ఒక్కటీ లేదు, అంత కోపంలో ఉన్నాడు. బుల్లెమ్మ క్యారేజీ గిన్నెలు కడగకుండానే సర్దుకుని వెళ్ళిపోయింది. గొట్టాలను కడిగేయమని నస్రీన్‌తో చెప్పి అతను ఇంటికెళ్ళిపోయాడు. నస్రీన్‌కి మనసొప్పక కడగలేదు.

*

మర్నాడు పొద్దున్న అతను వచ్చేసరికి నస్రీన్ వెచ్చటి పెట్టె ముందు కదలకుండా నిలబడి ఉంది.

హైమవతి గొట్టం దానిమ్మ రంగు వదిలేసింది. మొత్తం కాదు, ఒక కొస నుంచి మొదలై సగం దాకా లేత గులాబి పాకుతోంది.

"మజ్జిగకా?" అన్నాడు నమ్మలేక.

"మజ్జిగ ఇంతకుముందు విడిగా పోసి చూశాం కదా సార్. ఏమీ కాలేదు. ఈసారి గోడ ముడతల్లో కొసరు కోటిసేన ఉండిపోయింది, నిన్న పొద్దున్న సరిపోల్చడానికి పోసింది. చచ్చిపోవాల్సినవి చావలేదు సార్. పిల్లల్ని పెట్టాయి."

భానుమూర్తి సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టాడు. కోటిసేన జీవులు రెండేసి, నాలుగేసి, గొలుసులు గొలుసులుగా ఉన్నాయి. వాటి పక్కన మజ్జిగ జీవులు చుట్టాల్లా చేరి కూర్చున్నాయి.

తాళం గుట్టు అప్పుడు విడింది. కోటిసేన జీవి రెండుగా చీలాలంటే ఒక పోషకం కావాలి. దాన్ని వండుకునే వంటగదిని సంస్థవాళ్ళు దాని జన్యువుల్లోంచి పీకేశారు. ఫ్యాక్టరీలో వాళ్ళే ఆ పోషకం కలిపి మేపేవారు. బయటికొచ్చాక వండుకోలేక అది వంశం లేకుండా పోయేది. మజ్జిగ జీవులకు ఆ వంట వచ్చు. పైగా వండినదంతా దాచుకోకుండా వీధిలోకి ఒలకబోసే గుణం ఉంది. పక్కింటి వంటతో కోటిసేన సంసారం సాగించింది.

"పొట్లం మీద ఏమని ఉండేది సార్? పెరుగు, మజ్జిగలతో కలిపి సేవించరాదు అని కదూ?"

ఉండేది. అరుగుదల కోసమనుకుని హైమవతి ఇన్నేళ్ళూ మజ్జిగ ముట్టలేదు. తణుకులో పుట్టి, చారన్నంతో భోజనం ముగించి, చేయి కడుక్కుని లేచిపోయేది.

"అరుగుదల కోసం కాదు," అన్నాడు భానుమూర్తి. "ఎదుగుదల ఆపడం కోసం."

అతను ఆ మధ్యాహ్నం అత్తగారింటికి వెళ్ళి క్షమించమన్నాడు. బుల్లెమ్మ ముందు కాళ్ళు కడుక్కోమంది, తర్వాత కాఫీ ఇచ్చింది, ఆ తర్వాత తన చేతి మజ్జిగ మహిమ గురించి వీధివీధంతా చెప్పింది. నస్రీన్ మరి నాలుగిళ్ళ మజ్జిగ తెచ్చి పరీక్షిస్తే అన్నీ పనిచేశాయి. బస్టాండు హోటల్లో నీళ్ళ మజ్జిగ కూడా పనిచేసింది. బుల్లెమ్మకు ఆ ఒక్కటీ మింగుడుపడలేదు.

ఆ మిశ్రమానికి నస్రీన్ 'తోడు' అని పేరు పెట్టింది. ఇక మిగిలింది రెండో గొట్టం. తోడును మంచి పేగులో కూడా పోసి చూడాలి. పోశారు.

భానుమూర్తి గాజు పేగు రెండు పొద్దులు గడిచేసరికి దానిమ్మ గింజయింది.

*

హైమవతికి అతను ఇంట్లో, భోజనాల వేళ చెప్పాడు. ఆ ఇంట్లో ఒక అలవాటుంది. ఎవరు ముందొచ్చినా రెండోవాళ్ళ కోసం ఆగడం, ఒకే కంచంలో కలపడం, మొదటి ముద్ద ఆమె అతని చేతిలో పెట్టడం. పిల్లలు లేని ఇల్లు కనుక సిగ్గుపడవలసిన వాళ్ళెవరూ లేక ఆ అలవాటు అలాగే ఉండిపోయింది.

ఆ రోజు ఆమె ముద్ద పెట్టబోతే అతను చెయ్యి చాపలేదు.

"నీ పేగు ఈ జీవులతో ఏళ్ళుగా కాపురం చేసింది. తెలిసినవాళ్ళే కనుక పెరిగినా ఊరుకుంది. నాది ఊరుకోలేదు. ఇవి ఇదివరకులా ఏ పూటకాపూట చచ్చేవి కావు హైమా. నువ్వు ఒకసారి తాగితే నీ ఒంట్లో నిలబడిపోతాయి. నీ ఎంగిలి ద్వారా, నీ చేతి ద్వారా నాకొస్తాయి. కంచం వేరు, గ్లాసు వేరు, బాత్రూం వేరు. నువ్వు కలిపిన ముద్ద నేను తినకూడదు."

"ఎన్నాళ్ళు?"

"అవి ఉన్నన్నాళ్ళు."

"అంటే మనం ఉన్నన్నాళ్ళు." ఆమె ముద్దను కంచంలో పెట్టేసింది. "తాగకపోతే?"

"డాక్టరమ్మ చెప్పింది చేయించుకోవాలి. అదేం తప్పుడు దారి కాదు, చేయించుకుని చక్కగా బతుకుతున్నవాళ్ళు బోలెడుమంది. అప్పుడు కంచం ఒకటే ఉంటుంది." అతనే మళ్ళీ అన్నాడు. "ఇంకోటి కూడా వినాలి. గొట్టంలో పనిచేసింది మనిషిలో చెయ్యకపోవచ్చు. ఎదురు తిరగొచ్చు. ఇది నీ మీద చెయ్యడానికి నాకు చేతులు రావట్లేదు."

"నా పేగు కోసి గొట్టాంలో పెట్టినప్పుడు వచ్చిన చేతులేగా?"

"అది చిటికెడు ముక్క."

"ఆ చిటికెడు ముక్కే మీరు చెప్పిన మాట విందా? మీ మాటా వినలేదు, వాళ్ళ మాటా వినలేదు. మా అమ్మ పోసిన మజ్జిగ తాగి దాని దారిన అది బాగుపడింది." ఆమె గొంతు పెరిగింది. "నా ఒంట్లో ఏం ఉండాలో, ఎన్నాళ్ళుండాలో ఎక్కడో కూర్చుని తాళం వేసినోడు ఒకడు. తాళం తీసుకెళ్ళి గోదాట్లో పారేసినోడు ఇంకోడు. ఇద్దరూ నన్నడగలేదు. ఇప్పుడు తలుపు తెరుచుకుంది. నేను తాగుతాను."

భానుమూర్తి కంచం వైపు చూశాడు. ముద్ద ఆరిపోతోంది.

"మీరేమంటారు?" అంది ఈసారి మెల్లగా. "ఎర్రబడింది మీ పేగే. మీకూ ఓటుంది."

నోరు తెరిస్తే శ్లేష పడే మనిషికి ఆ పూట దొరికినవి సాదా మాటలు.

"తాగు. ముద్ద లేకపోతే నేను చచ్చిపోను."

హైమవతి తల తిప్పుకుంది. ఆ రోజుకి ఇంకా తాగలేదు కదా అని, తల తిప్పుకునే, ఆ ముద్ద తీసి అతని చేతిలో పెట్టింది.

*

డాక్టరమ్మ ముందు కోప్పడింది, తర్వాత ప్రమాదాలన్నీ విడమరిచి చెప్పింది, చివరికి తన కళ్ళెదుట ఆసుపత్రి మంచం మీద తాగితేనే అంది. హైమవతి అలాగే తాగింది. మొదట జ్వరం వచ్చింది. భానుమూర్తి బయట వరండాలో దేవుళ్ళందరి పేర్లూ తప్పుల్లేకుండా తలుచుకున్నాడు. జ్వరం దిగింది. తర్వాత నెత్తురు ఆగింది. పేగు లోపలికి కెమెరా గొట్టం వేసి చూసిన రోజున డాక్టరమ్మ తెర మీద నుంచి కళ్ళు తిప్పుకోలేదు. గోడ మీద గులాబి రంగు పరుచుకుంది.

తలుపుకి వేలాడుతున్న చొక్కా మళ్ళీ ఒంటి మీదికెక్కింది. ఇంట్లో మాత్రం కంచాలు రెండయ్యాయి. ఆమె బల్లకి ఆ చివర, అతను ఈ చివర. బుల్లెమ్మ వచ్చి చూసి, కళ్ళొత్తుకుని, అటో గరిటె ఇటో గరిటె వేరువేరుగా పట్టుకుని వడ్డించేది.

ఇలాంటిది చేతిలో ఉంచుకుని దాచుకోవడం భానుమూర్తి వల్ల కాలేదు. తాళం ఎలా ఉందో, మజ్జిగతో ఎలా ఊడిందో మొత్తం రాసి ఎవరైనా చదువుకునేలా ప్రచురించాడు. తన పేగు ఎర్రబడిన సంగతి అన్నిటికంటే పైన పెద్దక్షరాల్లో పెట్టాడు. గాజు పేగులో పరీక్షించకుండా, డాక్టరు పక్కన లేకుండా ఎవరూ తాగవద్దని బతిమాలాడు. దేశం నలుమూలల నుంచీ కోటిసేన ఆగి కుంగిపోయినవాళ్ళు, తమ పేగు ముక్క కూడా పెంచి చూడమని ఫోన్లు చేశారు. నస్రీన్ కొత్త గొట్టాలు కడగడం మొదలుపెట్టింది.

అప్పుడు అంతర్జీవ సంస్థ నిద్ర లేచింది. వద్దని వదిలేసిన పొట్లం మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది. ఆ జీవులు తమ ఆస్తి అనీ, తాళం తీయడం దొంగతనమనీ అంది. భానుమూర్తి రాసింది వెనక్కి తీసుకోవాలని పరిశోధనాలయం డైరెక్టరు గదిలోకి పిలిచి చెప్పారు.

"తీసుకోను సార్. అది రాత కాదు, వాత. ఒకసారి పడ్డాక చెరగదు."

అతన్ని ఉద్యోగం నుంచి తాత్కాలికంగా పక్కన పెట్టారు. కోర్టు ఉత్తర్వు తెచ్చి, ఆ జీవులున్న సామగ్రి అంతా కాల్చేశారు. రెండు గొట్టాలూ ఒకే పొయ్యిలోకి వెళ్ళాయి. ఆ సంగతి విని బుల్లెమ్మ తలస్నానం చేసి, ఆ పూట పొయ్యి వెలిగించలేదు. కడుపుకోత అనే మాటకి అంత అచ్చమైన అర్థం ఉంటుందని భానుమూర్తి ఎన్నడూ అనుకోలేదు. ఎప్పుడూ నవ్వే నస్రీన్ ఖాళీ పెట్టె తలుపు మూసి, దాని మీద చెయ్యి ఆనించి నిలబడింది.

ఇక ఆ జీవులు మిగిలింది ఒక్కచోటే. ఆ ఒక్కచోటు రోజూ తణుకు నుంచి రావులపాలెం వెళ్ళి వస్తోంది.

*

సంస్థ లాయరు పేరు ప్రద్యుమ్న. హైదరాబాదు నుంచి ఇస్త్రీ నలగకుండా దిగాడు. ఇంటికెళ్తే హైమవతి డ్యూటీలో ఉందన్నారు. డిపోకెళ్తే బస్సు కదులుతోందన్నారు. పరుగెత్తి ఎక్కాడు. ఉద్యోగం లేని భానుమూర్తి ఈ మధ్య ఆ బస్సులోనే, డ్రైవరు వెనక సీట్లో, తిరుగుతున్నాడు కనుక ఇదంతా కళ్ళారా చూశాడు.

"హైమవతిగారూ, మీతో మాట్లాడాలి."

"బస్సు నడుస్తుండగా డ్రైవరుతో మాట్లాడకూడదని పైన రాసుందండి," అంది ఆమె అద్దంలోకి చూసి. "అయినా ఫర్వాలేదు, చెప్పండి. ముందు టిక్కెట్టు తీసుకోండి."

లాయరు టిక్కెట్టు తీసుకుని, కడ్డీ పట్టుకుని, మరో చేత్తో కాగితాలు తెరిచాడు. గొంతు తగ్గించి చెప్పాలనుకున్నాడు గానీ ఇంజను చప్పుడు తగ్గనివ్వలేదు. దాంతో బస్సులో అందరూ విన్నారు. ఆమె పేగులో సంస్థ ఆస్తి అనుమతి లేకుండా పెరుగుతోంది. ఆసుపత్రిలో చేరి, జీవుల్ని చంపే మందులు వాడి, మొత్తం ఖాళీ చేయించుకోవాలి. ఇక మీదట పెంచనని సంతకం పెట్టాలి.

"అవి పోతే నా జబ్బు తిరగబెడతాది," అంది హైమవతి.

"దానికి సంస్థ చింతిస్తోందండి. కానీ చట్టం..."

వెనక నుంచి అరటి గెలల ముసలాయన లేచాడు. "ఏవండీ లాయరుగారూ, నాకు తెలవక అడుగుతాను. ఈవిడ కడుపులో మీ ఆస్తి ఉందంటన్నారు. జప్తుకొచ్చేరా?"

"ఆయ్, సరిహద్దు రాళ్ళెక్కడ పాతేరండీ?" అంది పూలబుట్ట ఆవిడ. "బొడ్డుకి ఇవతలా, అవతలా?"

బస్సంతా నవ్వింది. లాయరు చెవులు కందిపోయాయి గానీ మనిషి గట్టివాడు. కాగితం ముందుకు చాపాడు.

"మీరు నవ్వినా ఇది నవ్వులాట కాదమ్మా. సంతకం పెట్టకపోతే కేసవుతుంది. ఉద్యోగం పోవచ్చు. మీవారిది చూశారుగా."

భానుమూర్తి లేచి నిలబడ్డాడు. ఏదో ఒకటి గట్టిగా అనాలని నోటిదాకా వచ్చింది. హైమవతి అద్దంలోంచి అతన్ని చూసి కనుబొమతో కూర్చోమంది. కూర్చున్నాడు.

"మావారిది చూశాను బాబూ," అంది ఆమె. "పొద్దున్న ఒక బల్ల మీద రెండు కంచాలు పెట్టుకుని తిని వచ్చాం. అంతకంటే పెద్ద శిక్ష మీ కోర్టు దగ్గరుంటే పట్రమ్మనండి, డ్యూటీ లేని రోజు చూసుకుని నేనే వస్తాను. ఇక ఆస్తి సంగతంటారా. వాటిని పనికిరావని నడిరోడ్డు మీద దింపేసి పోయింది మీరు. రోడ్డు మీద దిగబడిపోయినోళ్ళని ఎక్కించుకోడం నా ఉద్యోగం."

సిద్ధాంతం దగ్గర బస్సు ఆగింది. గంపలు, సంచులు, బడిపిల్లలు తోసుకుంటూ ఎక్కారు. ఆ తోపులో లాయరు కాగితం పైకెత్తి పట్టుకున్నాడు.

"ఒక్క సంతకం, మేడం. ఇక్కడ ఆగింది కదా."

"దిగేవాళ్ళ కోసం ఆగింది. దిగుతారా?"

అతను దిగలేదు. దిగితే సంతకం లేకుండా వెళ్ళాలి. కండక్టరు విజిలేశాడు. హైమవతి గేరు మార్చి, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుంది. కళ్ళముందు గోదావరి వంతెన చాపలా పరుచుకుని ఉంది.

"వంతెన మీద చేతులు ఖాళీ ఉండవండి," అంది, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "వంతెన దాటాక కూడా ఉండవు. గట్టిగా పట్టుకోండి."